ఇంట్లో హైడ్రోపోనిక్ యూనిట్: విజయవాడ ఎండకు, గుంటూరు నీటికి ఏది నిలుస్తుంది?

ఇంటి లోపల మట్టి లేకుండా ఆకుకూరలు పెంచుకునే హైడ్రోపోనిక్ యూనిట్ల ప్రకటనలు ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు ఎదురవుతున్నాయి. వాటిలో ముందుగా చెప్పేది పాడ్ల (ఒక్కో మొక్కను పెట్టే గూళ్ల) సంఖ్య, ఆ తరువాత ఎల్ఈడీ వాట్లు, ఆ తరువాత ఫోనులోని యాప్. ఆరు పాడ్లా, పన్నెండా, ముప్ఫై ఆరా అన్నదాన్ని బట్టే ధర పెరుగుతూ పోతుంది. విజయవాడలోనో గుంటూరులోనో ఉండే కుటుంబం కేవలం ఈ అంకెలు చూసి యూనిట్ కొంటే, మే నెల వచ్చేసరికి అది అటక మీదికి చేరడం దాదాపు ఖాయం. ఇక్కడ మొక్క బతుకుతుందా లేదా అన్నది తేల్చేవి పెట్టె మీద అచ్చు వేయని రెండు విషయాలు: వేళ్లు మునిగి ఉండే నీటి వేడి, ఆ నీటిలో ముందే కరిగి ఉన్న లవణాలు. దీపం, యాప్, పాడ్ల సంఖ్య వంటివన్నీ ఈ రెండూ కుదిరాక ఆలోచించవలసినవి.

పేర్లు ఎన్ని ఉన్నా, లోపలి పనితీరును బట్టి ఇళ్లకు పనికివచ్చేవి నాలుగు రకాలు. మొదటిది వంటగది గట్టు మీద పెట్టుకునే చిన్న యూనిట్. దానిలో మూడు నుంచి అయిదు లీటర్ల తొట్టి, పైన దీపం, నీటిని కాసేపు తిప్పి కాసేపు ఆపే చిన్న మోటారు ఉంటాయి. రెండవది గొట్టాల అమరిక. కొద్దిగా ఏటవాలుగా పెట్టిన గొట్టాలలో పోషక ద్రావణం పలుచటి పొరగా పారుతూ కింది తొట్టిలోకి తిరిగి చేరుతుంది. 1960లలో ఇంగ్లండులో అలెన్ కూపర్ అభివృద్ధి చేసిన ఈ పద్ధతినే న్యూట్రియెంట్ ఫిల్మ్ టెక్నిక్, పొట్టిగా ఎన్ఎఫ్‌టీ అంటున్నారు. మూడవది నిలువు టవర్. ఇందులో నీరు మోటారుతో పైకెక్కి వేళ్ల మీదుగా జల్లులా దిగుతుంది. నాలుగవది డబ్బా పద్ధతి. మూత ఉన్న లోతైన డబ్బాలో ద్రావణం పోసి, మూతకు చేసిన రంధ్రాలలో జాలీ కప్పులు దించుతారు. చేపల తొట్టికి వాడే గాలి మోటారుతో బుడగలు పంపితే అది డీప్ వాటర్ కల్చర్. మోటారే పెట్టకుండా, నీటి మట్టం తగ్గే కొద్దీ పైన ఏర్పడే ఖాళీలో వేళ్లు గాలి పీల్చుకునేలా వదిలేస్తే అది క్రాట్కీ పద్ధతి. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ పేరు మీదుగా వచ్చిన ఈ పద్ధతిలో నీటికి కరెంటు అవసరమే లేదు. చిత్రమేమిటంటే, ఈ నాలుగింటిలో ప్రకటనలకు నోచుకోనిది ఈ డబ్బాయే, మన ఊళ్లకు అన్నిటికన్నా బాగా సరిపోయేదీ ఈ డబ్బాయే.

వేడి సంగతి

నీటిలో మునిగిన వేరుకు దొరికే ప్రాణవాయువు ఆ నీటిలో కరిగి ఉన్నది మాత్రమే. నీరు వేడెక్కే కొద్దీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల వరకు కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది 7.5 మిల్లీగ్రాములకు, 35 డిగ్రీల దగ్గర 7 మిల్లీగ్రాములకు పడిపోతుంది. పైకి ఇది పెద్ద తేడాగా కనిపించదు. కాని అదే సమయంలో వేరు శ్వాసించే వేగం పెరుగుతుంది, పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు రెట్టింపు అవుతుంది. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు రెట్టింపైనట్టు వేరు ఇరుకున పడుతుంది. అలా బలహీనపడిన వేళ్లకు వెచ్చటి నీటిలో ఈదుతూ వ్యాపించే పిథియం అనే సూక్ష్మజీవి సోకి, వేరుకుళ్లు మొదలవుతుంది.

వేరుకుళ్లును గుర్తించడానికి పరికరం అక్కర్లేదు. మూత ఎత్తి చూస్తే ఆరోగ్యంగా ఉన్న వేళ్లు తెల్లగా, లేదా లేత మీగడ రంగులో, విడివిడిగా కనిపిస్తాయి. వాటికి పచ్చి మట్టి వాసన తప్ప మరే వాసనా ఉండదు. కుళ్లు పట్టినవి గోధుమ రంగుకు తిరిగి, జిగటగా ఒకదానికొకటి అతుక్కుని, మురుగు వాసన వేస్తాయి. అటువంటి వేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగితే పైతొక్క ఊడి చేతికి వచ్చి, లోపలి సన్నటి పీచు మాత్రమే మిగులుతుంది. పైన ఆకులు నీరు చాలనట్టు వాలిపోతాయి. తొట్టి నిండుగా ఉండగానే మధ్యాహ్నం మొక్క తల వాల్చిందంటే, నీరు పోయడం మానేసి ముందు మూత ఎత్తి చూడాలి.

ఇప్పుడు దీన్ని మన వాతావరణంలో పెట్టి చూద్దాం. విజయవాడలో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది, పగలు 30 చుట్టూ ఉంటుంది. ఏసీ లేని గదిలో పెట్టిన తొట్టి నీరు ఆ రోజుల్లో పాలకూరకూ లెట్యూస్‌కూ హాయిగా ఉండే స్థాయిలోనే ఉంటుంది. మే నెలలో పగటి ఎండ 40 దాటడం మామూలు. అంతకన్నా ముఖ్యంగా, శ్లాబు కింద ఉన్న గది రాత్రయినా 30 డిగ్రీల కిందికి రాదు. తొట్టి నీటి ఉష్ణోగ్రత గది సగటు ఉష్ణోగ్రత దగ్గర స్థిరపడుతుంది, దానికి మోటారు వేడి, దీపం వేడి తోడవుతాయి. పడకగదిలో రాత్రి ఎనిమిది గంటలు ఏసీ వేసినా పగటి పూట నీరు మళ్లీ వేడెక్కుతుంది. అందుకే ‘ఏడాది పొడవునా తాజా లెట్యూస్’ అన్న మాట పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇంటికి తప్ప మన ప్రాంతంలో వర్తించదు.

తొట్టి పరిమాణానికి విలువ వచ్చేది ఇక్కడే. మూడు లీటర్ల నీరు గది వేడిని వెంటనే అందుకుంటుంది, ఇరవై లీటర్ల నీరు పగటి వేడికి మెల్లగా పెరిగి, ఆ లోపు సాయంత్రం పడేసరికి ఆగిపోతుంది. చల్లబరచాలన్నా పెద్ద తొట్టే మేలు. ఫ్రీజరులో గడ్డకట్టించిన లీటరు నీళ్ల సీసాను పదిహేను లీటర్ల తొట్టిలో వేస్తే, లెక్క ప్రకారం మంచు కరగడానికి పీల్చుకునే వేడి వల్ల నీరు సుమారు అయిదు డిగ్రీలు తగ్గుతుంది. మార్చి నెలను గట్టెక్కించడానికి ఈ ఉపాయం చాలు. గట్టు మీది చిన్న యూనిట్‌లో అసలు సీసా పట్టదు, ఐసు ముక్కలు వేస్తే ఒక్కసారిగా చల్లబడి గంటలోనే మళ్లీ మొదటికి వస్తుంది, పైగా ద్రావణం పలచబడుతుంది. టవర్లలో ఇంకొక చిక్కు ఉంది. నీరు సన్నటి ధారలుగా గది గాలిలో పడుతూ ఉంటుంది కాబట్టి కింద తొట్టి ఎంత పెద్దదైనా నీటి వేడి గది వేడిని వదిలి దూరంగా ఉండదు.

నీటి సంగతి

కృష్ణ ఒడ్డున ఉన్నాం కాబట్టి నీటికి కొదవ లేదన్న ధీమా ఈ విషయంలో సగమే నిజం. విజయవాడలో కార్పొరేషన్ కుళాయి నుంచి వచ్చే కృష్ణ నీరు సాధారణంగా వాడుకోదగినదే. అపార్ట్‌మెంట్లలో మాత్రం చాలాచోట్ల కుళాయి నీరూ బోరు నీరూ ఒకే ట్యాంకులో కలుస్తాయి. గుంటూరు చుట్టుపక్కల చాలా బోర్ల నీరు ఉప్పగా, కఠినంగా ఉంటుంది. కుళాయి మూతికీ గీజరులోనూ తెల్లటి పొర కడుతున్న ఇంట్లో హైడ్రోపోనిక్స్ మొదలుపెట్టే ముందు ఆ నీటిని కొలవాలి. ఆర్ఓ మెకానిక్కులు వాడే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల టీడీఎస్ వరకు మేలు, వేరే నీరు లేనప్పుడు 2000 వరకు అనుమతి. మనిషికి అనుమతించినంత ఉప్పు మొక్కకు కూడా కుదురుతుందని అనుకోవడం పొరపాటు.

ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. మూడు లీటర్ల తొట్టిలో మొక్కలు తాగేసిన నీటికి బదులుగా నెలలో పది లీటర్లు పోశామనుకుందాం. ఆ నీటి టీడీఎస్ 500 అయితే పది లీటర్లతో పాటు అయిదు గ్రాముల లవణాలు తొట్టిలో పడతాయి. వాటిలో కాల్షియం, మెగ్నీషియం వంటివి కొంత మొక్క తీసుకుంటుంది, సోడియం, క్లోరైడు చాలావరకు మిగిలిపోయి పేరుకుంటాయి. మీటరు మాత్రం సోడియానికీ పోషకానికీ తేడా చెప్పదు, రెండింటినీ కలిపి ఒకే అంకె చూపుతుంది. ‘మీటరు 900 చూపిస్తోంది, ఇంకేం ఎరువు కావాలి’ అనుకుంటాం, ఆ 900లో సగం పనికిరాని ఉప్పే అయి ఉంటుంది. ఆకుల అంచులు మాడడం మొదలయ్యాక గాని విషయం తెలియదు. ఇరవై లీటర్ల డబ్బాలో ఇదే పేరుకుపోవడానికి అన్ని రెట్ల కాలం పడుతుంది, ఆ లోపు ఒక పంట చేతికి వచ్చి డబ్బా కడిగే సమయం వస్తుంది.

మీటరు గురించి మరొక మాట. అది నిజానికి కొలిచేది నీటి విద్యుత్ వాహకతను, అంటే ఈసీని. దాన్ని టీడీఎస్‌గా మార్చేటప్పుడు కొన్ని మీటర్లు 500తో, కొన్ని 700తో గుణిస్తాయి. ఈసీ 1.4 (మిల్లీసీమెన్స్/సెం.మీ.) ఉన్న ఒకే ద్రావణం ఒక మీటరులో 700 గానూ మరొక మీటరులో 980 గానూ కనిపిస్తుంది. వీడియోలో ఎవరో చెప్పిన టీడీఎస్ అంకెను గుడ్డిగా పాటించేవారు దెబ్బతినేది ఇక్కడే. ఈసీని నేరుగా చూపే మీటరు కొనుక్కుంటే ఈ గందరగోళం ఉండదు. ఆకుకూరలకు 0.8 నుంచి 1.4 వరకు సరిపోతుంది, ఎండాకాలంలో తక్కువ వైపే ఉండడం మంచిది. టమాటాకు 2 దాటాలి.

కఠిన జలంలో ఉండే బైకార్బొనేట్లు పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) పైకి లాగుతూ ఉంటాయి. మొక్కకు కావలసింది 5.5 నుంచి 6.5 మధ్య. అది 7 దాటితే ఇనుము నీటిలో ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా మారతాయి. దీనికి నిమ్మరసం పిండే అలవాటు ఉంది గాని దాని ప్రభావం నిలవదు, సూక్ష్మజీవులు సిట్రిక్ ఆమ్లాన్ని త్వరగా తినేస్తాయి. హైడ్రోపోనిక్స్ సామగ్రి అమ్మేవారి దగ్గర దొరికే ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణాన్ని చుక్కల లెక్కన వాడడమే సరైన మార్గం.

బోరు నీరు బాగా ఉప్పగా ఉంటే ఆర్ఓ నీరో ఇరవై లీటర్ల క్యాను నీరో వాడుకోవచ్చు. అయితే వాటిలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు లేనట్టే. వాటిని ఎరువు రూపంలో ఇవ్వాలి, లేదా నాలుగు వంతుల ఆర్ఓ నీటికి ఒక వంతు కుళాయి నీరు కలపాలి. ఆర్ఓ యంత్రం వదిలేసే వృథా నీటిని మొక్కలకు వాడదామన్న పొదుపు ఆలోచన మిద్దెతోటలో కొన్ని మొక్కలకు చెల్లుతుందేమో గాని ఇక్కడ అసలు చెల్లదు. ఉప్పంతా చేరి ఉన్నది అందులోనే.

ఎరువు విషయంలో గుంటూరు, విజయవాడ వాసులకు ఒక సౌకర్యం ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. మిర్చి రైతులు డ్రిప్పులో వాడే నీటిలో కరిగే ఎరువులు ఏ ఎరువుల దుకాణంలోనైనా దొరుకుతాయి. కాల్షియం నైట్రేటు కిలో లెక్కన అక్కడ కొనుక్కోవచ్చు, అది సౌకర్యం. దుకాణదారు మంచి మనసుతో చేతిలో పెట్టే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్న) ఎరువు ప్యాకెట్టు ప్రమాదం. అందులో నత్రజని ఎక్కువ భాగం యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని మొక్కకు అనువుగా మారుస్తాయి, శుభ్రమైన నీటి తొట్టిలో ఆ పని సరిగా జరగదు. పైగా దానిలో కాల్షియమే లేదు. అందువల్ల ఏ, బీ అని రెండు భాగాలుగా వచ్చే హైడ్రోపోనిక్ పోషకాలు తీసుకోవడం క్షేమం. రెండు భాగాలుగా ఎందుకంటే, చిక్కటి స్థితిలో కాల్షియం సల్ఫేటుతోనూ ఫాస్ఫేటుతోనూ కలిస్తే తెల్లటి మడ్డిగా అడుగున చేరిపోతుంది. అందుకే రెండు సీసాల మందునూ ఒకదానిలో ఒకటి పోయకుండా, ఒకటి నీటిలో పూర్తిగా కలిశాక రెండవది పోయాలి.

కరెంటు పోయినప్పుడు

మన ప్రాంతంలో లెట్యూస్‌కు అనుకూలమైన నవంబరు, డిసెంబరు నెలలే తుపాన్ల నెలలు కూడా. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి రోజున ఎన్ఎఫ్‌టీ గొట్టాలలో పారే పలుచటి నీటి పొర మోటారు ఆగిన కొద్దిసేపటికే ఇంకిపోతుంది, వేళ్లు తేమగా ఉండేది ఆ తరువాత కొన్ని గంటలే. వేసవి మధ్యాహ్నమైతే అంత వ్యవధి కూడా ఉండదు. టవరుదీ అదే పరిస్థితి. బుడగల డబ్బాలో నీరు ఎక్కడికీ పోదు, ప్రాణవాయువు మాత్రం మెల్లగా తరుగుతుంది కాబట్టి చల్లటి రోజుల్లో పూట గడుస్తుంది. క్రాట్కీ డబ్బాకు కరెంటు పోయిన సంగతే తెలియదు.

గొట్టాల అమరికే కావాలనుకునేవారు మోటారును ఇన్వర్టరు లైనులో పెట్టుకోవాలి. మోటారు అయిదారు వాట్ల నుంచి ఇరవై వాట్ల లోపే తీసుకుంటుంది కాబట్టి బ్యాటరీకి భారం కాదు. దీపం ఒక పూట వెలగకపోయినా మొక్కకు ఏమీ కాదు, దాన్ని ఇన్వర్టరు మీద పెట్టనక్కర్లేదు. ఈ రెండూ ఒకే వైరుతో వచ్చే యూనిట్‌లో ఇలా విడదీయడం కుదరదు. కొనేముందు చూడవలసిన చిన్న విషయమిది.

ఇంకా చిన్నవి రెండు ఉన్నాయి. గాలి మోటారును నీటి మట్టం కన్నా కింద పెడితే కరెంటు పోయినప్పుడు గొట్టం గుండా నీరు వెనక్కి పీల్చుకుని మోటారును తడిపేస్తుంది. దాన్ని ఎత్తులో పెట్టాలి, లేదా చేపల తొట్టి సామాన్ల దుకాణంలో పదీ ఇరవై రూపాయలకు దొరికే వెనక్కి రానివ్వని కవాటం బిగించాలి. రెండవది టైమరు. చౌక యూనిట్లలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. పదహారు గంటల వెలుతురు లెక్క ఆ క్షణం నుంచి మళ్లీ నడిచి, వారం తిరిగేసరికి అర్ధరాత్రి హాలంతా గులాబీ వెలుగుతో నిండుతుంది. సమయాన్ని గుర్తుంచుకునే టైమరు ఉందో లేదో అమ్మేవారిని అడగడానికి మొహమాటపడకూడదు.

దీపమూ దాని బిల్లూ

దీపం విషయంలో అమ్మకందారులు చెప్పేదానికన్నా లెక్క సులువు. ఆకుకూరలకు చదరపు అడుగుకు పన్నెండు నుంచి పదిహేను నిజమైన వాట్ల మంచి ఎల్ఈడీ, రోజుకు పద్నాలుగు నుంచి పదహారు గంటలు వెలిగితే చాలు. ‘వెయ్యి వాట్లకు సమానం’ అని రాసి ఉన్న దీపం గోడలోంచి వంద వాట్లే తీసుకుంటూ ఉండవచ్చు, చూడవలసింది ఆ తీసుకునే వాట్లనే. ల్యూమెన్లు మనిషి కంటికి కొలత, మొక్కకు కాదు. మిర్చి, టమాటా కాయాలంటే దీనికి రెట్టింపైనా కావాలి. ఆరు పాడ్ల యూనిట్ బొమ్మ మీద ఎర్రటి చెర్రీ టమాటాలు కనిపిస్తే ఆ బొమ్మను కాస్త అనుమానంగానే చూడాలి.

ఇరవై నాలుగు వాట్ల దీపం రోజుకు పదహారు గంటలు వెలిగితే నెలకు పదకొండున్నర యూనిట్ల కరెంటు అవుతుంది. ఈ అదనపు యూనిట్లు ఇంటి వాడకం చివర చేరతాయి కాబట్టి వాటికి చివరి స్లాబు ధర పడుతుంది. ఆంధ్రప్రదేశ్ గృహ టారిఫులో 126 నుంచి 225 వరకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75. అంటే నెలకు 70 నుంచి 100 రూపాయలు, ఇతర చార్జీలు వేరు. వంద వాట్ల దీపాలున్న టవరుకు 48 యూనిట్లు, అంటే 290 నుంచి 420 రూపాయలు. తూర్పు వైపు బాల్కనీ ఉన్నవారికి ఈ ఖర్చు పూర్తిగా అనవసరం. ఉదయపు ఎండ మూడు నాలుగు గంటలు పడే చోట క్రాట్కీ డబ్బాను పెట్టి, డబ్బాకు తెల్లరంగు వేసి, పదకొండు తరువాత నీడ పడేలా చూసుకుంటే చలికాలమంతా దీపం లేకుండానే గడుస్తుంది. బయటి వెలుతురు ముందు ఏ ఎల్ఈడీ అయినా దిగదుడుపే.

ఏం పెంచాలి

ఖర్చు గురించి దాపరికం అక్కర్లేదు. పన్నెండు పాడ్ల యూనిట్ అన్నీ కుదిరితే ఆరు వారాలకు కిలోన్నర లోపు లెట్యూస్ ఇస్తుంది. పాలకూర పప్పు చేయాలంటే ఒక్క పూటకే పావుకిలో ఆకు కావాలి. పటమట రైతు బజారులోనో చుట్టుగుంట రైతు బజారులోనో చిల్లరకు దొరికే తోటకూర కట్టతో ఏ యూనిట్టూ పోటీ పడలేదు. కాబట్టి బజారులో చౌకగా, తాజాగా దొరికేదాన్ని ఇందులో పెంచడం నా దృష్టిలో వృథా. లెట్యూస్, ఇటాలియన్ బేసిల్, సెలెరీ వంటివి మన బజారులో ఖరీదు, వచ్చేసరికి వాడిపోయి ఉంటాయి. పుదీనా కొమ్మలు నాలుగు నీటిలో పెడితేనే వేళ్లు వేస్తాయి, వేసవిని కూడా కొంతవరకు తట్టుకుంటాయి. యూనిట్‌కు అర్థం ఉన్నది వీటితోనే.

కొత్తిమీర దగ్గర చాలామంది నిరాశపడతారు. ధనియాన్ని నలిపి రెండు బద్దలు చేసి నానబెట్టాలన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిందే, స్పాంజిలో పెట్టినా అదే పద్ధతి. చిక్కు మొలకెత్తడంలో లేదు. వేడికీ, ఎక్కువ గంటల వెలుతురుకూ కొత్తిమీర త్వరగా పూతకొస్తుంది. పదహారు గంటల వెలుతురు మార్చడానికి వీల్లేని యూనిట్‌లో ఆకు ముదిరేలోపే కాడ పైకి లేస్తుంది. గంటలను పదకొండు పన్నెండుకు తగ్గించుకునే వీలున్న యూనిట్ అయితేనే కొత్తిమీరకు పనికివస్తుంది. మెంతికూరకు ఇన్ని షరతులు లేవు, మూడు వారాల్లో కోసేయవచ్చు, పళ్లెంలో తడి కొబ్బరి పొట్టు పరిచినా వస్తుంది గనుక దానికోసం యంత్రం కొననక్కర్లేదు.

వేసవిలోనూ ఏదో ఒకటి పచ్చగా కనిపించాలనుకునేవారు బచ్చలి, తోటకూర వైపు తిరగాలి, వాటికి వేడంటే భయం లేదు. అయితే బచ్చలి తీగ, గట్టు మీది యూనిట్ దీపాన్ని నెల తిరగకుండానే చుట్టేస్తుంది. గోంగూర నిలువుగా ఎదిగే మొక్క, లోతైన డబ్బాలో లేతగా కోసుకుంటూ ఉంటే సరే. సన్న మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉన్న గుంటూరులో కూర్చుని పాడ్‌లో మిరపమొక్క పెంచాలనిపించడం సహజమే. కాయ పట్టాలంటే చిన్న కుంచెతో పూలను తాకాలి, మూడు నెలలు ఆగాలి, చివరికి గుప్పెడు కాయలు వస్తాయి. సరదాకైతే అభ్యంతరం లేదు.

ఇంటి లోపల పెంచితే పురుగు రాదన్న ప్రచారం కూడా పూర్తి నిజం కాదు. కిటికీ తెరిచిన ఇంట్లోకి పేనుబంక, తెల్లదోమ, ఎర్రనల్లి వస్తాయి, లోపల వాటిని తినే మిత్ర పురుగులు ఉండవు కాబట్టి వస్తే త్వరగా పెరుగుతాయి. ఆకు అడుగు భాగం వారానికొకసారి చూడడం, నీటితో కడగడం చాలావరకు సరిపోతుంది. దోమల విషయం ఇంకా ముఖ్యం. డెంగీని మోసే ఏడిస్ దోమ శుభ్రమైన నిలవ నీటిలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో ఎగిరే దోమ తయారవుతుంది. మూతకూ కప్పుకూ మధ్య సందు లేకుండా, ఖాళీ పాడ్ రంధ్రాలకు బిరడా ఉండేలా చూసుకోవాలి. అలా మూస్తే వెలుతురు చొరబడక నాచు కూడా పట్టదు.

కంపెనీ మీద ఆధారపడే యూనిట్ల గురించి కొంత జాగ్రత్త అవసరం. ఎస్టోనియాకు చెందిన క్లిక్ అండ్ గ్రో వంటి యూనిట్లు పోషకాలు ముందే కలిపిన మట్టిలాంటి క్యాప్సూళ్లతో నడుస్తాయి. కొలతల బాధ లేదు, కాని ప్రతి పంటకూ ఆ క్యాప్సూలే కొనాలి. అమెరికాలో బాగా పేరున్న ఏరోగార్డెన్ 2025 జనవరి 1 నుంచి వ్యాపారం నిలిపేస్తున్నట్టు 2024 చివర్లో ప్రకటించింది. మరుసటి ఏడాది మళ్లీ అమ్మకాలు మొదలుపెట్టినా, ఆ కొద్ది నెలల్లో పాడ్లకూ యాప్‌కూ ఏమవుతుందోనని కొన్నవారు ఆందోళన పడ్డారు. అందుచేత యాప్ లేకపోయినా మీటతో నడిచేది, పాడ్ స్థానంలో మామూలు రెండంగుళాల జాలీ కప్పు, స్పాంజి ఇమిడేది, మోటారు బయట దుకాణంలో దొరికేది ఎంచుకోవాలి. బంధువుల ద్వారా అమెరికా నుంచి తెప్పించేవారు అడాప్టరు మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూడాలి. 110 వోల్టులకే చేసిన మోటారును మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అక్కడికక్కడే కాలిపోతుంది.

వీటన్నిటినీ ఒకచోట పెట్టి నన్ను సలహా అడిగితే, మొదటిసారి మొదలుపెట్టే కుటుంబానికి మూత ఉన్న ఇరవై లీటర్ల డబ్బా, ఆరు జాలీ కప్పులు, ఏ-బీ పోషకాలు, ఈసీ మీటరు ఒకటి చెబుతాను. మీటరు మినహాయిస్తే వెయ్యి, పదిహేను వందల లోపే పని జరుగుతుంది. బాల్కనీ లేక, వంటగది గట్టు తప్ప మరో చోటు లేనివారికి, అందులోనూ ఎక్కువ సేపు ఏసీ నడిచే హాలు ఉన్నవారికి గట్టు మీది యూనిట్ సబబే. అప్పుడు కూడా పాడ్లు తక్కువైనా తొట్టి పెద్దదిగా ఉన్నదాన్నే తీసుకోవాలి. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులు ఉండవలసి వస్తే పన్నెండు పెద్ద మొక్కలు మూడు లీటర్ల నీటిని పండగ పూర్తి కాకముందే తాగేస్తాయి. గొట్టాల అమరికను నేను ఇంటి లోపలికి సిఫారసు చేయను. డాబా మీద షేడ్ నెట్ కింద, ఇన్వర్టరు ఉన్న ఇంట్లో, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడిపే ఓపిక ఉన్నవారికి అది మంచిదే. టవరు చూడడానికి అందంగా ఉంటుంది, చెప్పుకోదగ్గ గుణం అంతవరకే.

విత్తనం వేయడానికి సరైన సమయం దీపావళి దాటాక. దసరా అమ్మకాల్లో తగ్గింపు ధరకు కొని, నారు సిద్ధం చేసుకుని, కార్తీకంలో తొట్టిలోకి మార్చుకుంటే మార్చి లోపు రెండు పంటలు తీయవచ్చు. ఏప్రిల్ వచ్చాక లెట్యూస్ కాడ సాగి చేదెక్కుతుంది, దాన్ని బతికించడానికి ఐసు సీసాలు మోయడం కన్నా యూనిట్‌ను ఖాళీ చేయడం మేలు. తొట్టిని, గొట్టాలను బ్లీచింగు కలిపిన నీటితో కడిగి, మంచి నీటితో రెండుసార్లు తొలిచి, పూర్తిగా ఆరబెట్టాలి. మోటారు మూత విప్పి లోపలి రెక్కను బయటికి తీసి, పట్టిన తెల్లటి పొర కరిగేదాకా విడిగా వెనిగరు కలిపిన నీటిలో నానబెట్టి కడగాలి. బ్లీచింగు నీరు, వెనిగరు ఎప్పుడూ కలవకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఈ పని చేయకుండా అటక ఎక్కించిన మోటారు, లోపలి ఉప్పు గట్టిపడి, మళ్లీ అక్టోబరులో ప్లగ్గు పెట్టినప్పుడు మూలుగుతుందే తప్ప తిరగదు.